నమిలిన ముద్ద

రాగిముద్దను నమలకూడదు. కోలారు జిల్లాలో పుట్టినవాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేని సంగతి ఇది. ఇంత తుంచుకుని, వేళ్ళతో గుండ్రంగా చేసి, పులుసులో దొర్లించి నోట్లో వేసుకుంటే, అది నాలుక మీద ఆగకుండా తిన్నగా గొంతులోకి జారిపోవాలి. నమిలితే పళ్ళకు అంటుకుంటుంది, చిగుళ్ళలో ఇరుక్కుంటుంది, రుచీ ఉండదు. ఎవరైనా ముద్ద నములుతూ కనిపిస్తే వాళ్ళు బయటి నుంచి వచ్చినవాళ్ళని మాకు తెలిసిపోతుంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకుంటాం.

ఆ సంగతిని పట్టుకుని ఒక మనిషి మా అన్నం వేళను కాజేశాడు. ముద్ద తెలియనివాడు ఆ పని చేసి ఉంటే నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేదాన్ని. ఇతను లక్కూరువాడు. ముద్ద తిని పెరిగినవాడు, మా మాటే మాట్లాడేవాడు. అందుకే నా కసి ఇంకా చల్లారలేదు. చల్లారాలని నాకు లేదు కూడా.

నేను వేమగల్‌లో కార్లకు వైర్లు కట్టి ఇచ్చే ఫ్యాక్టరీలో పని చేస్తాను. మాది బూదికోట దగ్గర పల్లె. చీకటి ఉండగానే కంపెనీ బస్సు ఎక్కితే, పొద్దు ఎక్కేసరికి లైను ముందు నిలబడి ఉంటాం. లైను అంటే కదిలే బెల్టు. దాని పొడవునా ఆడవాళ్ళం నిలబడి, ముందుకొచ్చిన వైర్లకు ఒకరు క్లిప్పు పెట్టి, ఒకరు టేపు చుట్టి పక్కామెకు వదులుతాం. బెల్టు ఆగితే తప్ప కాలు కదపడానికి లేదు. మధ్యాహ్నం అది అరగంట ఆగుతుంది. ఆ అరగంట కంపెనీ పెట్టే భిక్ష కాదు, చట్టం. గంటల తరబడి పని చేసే మనిషికి మధ్యలో అరగంటైనా విశ్రాంతి ఇచ్చి తీరాలని గేటు దగ్గర అద్దాల పెట్టెలో కన్నడంలో, ఇంగ్లీషులో రాసి పెట్టారు. ఆ పెట్టెకు తాళం కూడా వేశారు, అరగంటను ఎవరైనా ఎత్తుకుపోతారేమోనన్నట్టు.

ఎత్తుకుపోయేవాడు లోపలే ఉన్నాడు. మా లైను సూపర్వైజరు. సైరన్ మోగి బెల్టు ఆగిన క్షణం నుంచి మా అరగంట కరగడం మొదలవుతుంది. పైకోటు విప్పాలి. చెప్పులు మార్చుకోవాలి. వైరు ముక్కలేమైనా దాచుకున్నామేమోనని గేటు దగ్గర ఒంటిని తడిమి చూస్తారు, ఒక్కొక్కరికీ ఆగాలి. క్యాంటీన్ ఆవరణకు ఆ చివర ఉంది. అక్కడ మళ్ళీ వరస. పళ్ళెం పట్టుకుని కూర్చునేసరికి ఇతను మా కుర్చీల వెనక ప్రత్యక్షం. చప్పట్లు కొట్టేవాడు. కోళ్ళను తోలినట్టు.

"ఆయిందా? ఆయిందా? లేయండమ్మా, లేయండి!"

మళ్ళీ సైరన్ మోగి బెల్టు కదిలేసరికి మేం చేతిలో వైరు పట్టుకుని సిద్ధంగా ఉండాలట. మొదట్లో క్యాంటీన్‌లో అన్నం, చపాతీలు పెట్టేవారు. ఒకరోజు ముద్ద వచ్చింది. అబ్బ, ఎంత సంబరపడ్డామో! ఇతనే మేనేజర్లతో మాట్లాడి పెట్టించాడని తెలిసి, "మనోడు గాబట్టి మన కడుపు తెలిసినోడు" అని పొగిడాం కూడా. కొన్నాళ్ళకు అసలు సంగతి బయటపడింది. పెద్ద మేనేజరు క్యాంటీన్ చూడ్డానికి వచ్చినప్పుడు, వీళ్ళకు ఈ టైము సరిపోతుందా అని అడిగాడు. ఇతను నవ్వుతూ కన్నడంలో చెప్పాడు, ఇక్కడి వాళ్ళు ముద్దను నమలరు సార్, మింగుతారు, చపాతీ అయితేనే లేటు అని. నేను ఆ పక్కనే చెయ్యి కడుక్కుంటున్నాను. పెద్ద మేనేజరు మా వైపు వింతగా చూసి తలాడించాడు. మా ఇంట్లో మా అమ్మ నేర్పిన తిండిని ఇతను మా మీదికే ఆయుధం చేశాడని నాకు అప్పుడు అర్థమైంది.

అప్పటి నుంచి అతని పాట మారింది. "ముద్దే గదమ్మా, నమిలేదుండాదా కొరికేదుండాదా? గుటుక్కున మింగి లేయండి."

నా పక్కన టేపు చుట్టే ఆవిడను అందరం అక్కా అనేవాళ్ళం. కేజీఎఫ్ నుంచి వచ్చేది. గని కూలీల లైను ఇళ్ళలో పుట్టి పెరిగింది. ఆమెకు షుగరు. పొట్టలో సూది వేసుకుని, ఆ వెంటనే తినాలి. తినకపోతే ఒంట్లో ఉన్న చక్కెర కాస్తా పడిపోయి మనిషే పడిపోతుంది. అందుకని సైరన్ మోగగానే కడుక్కునే గదిలోకి పోయి సూది వేసుకుని, మా వెనక వరసలో నిలబడేది. తన తండ్రి సంగతి ఒకటి తరచుగా చెప్పేది.

"మా నాయన షాఫ్టులో దిగి పని చేసినోడు. ఆ చీకట్లో గూడా అన్నం క్యారియరు మూత తీస్తే ఫోర్మాను పక్కకు పోతాడంట. తినేవాణ్ణి లేపితే పాపమని. ఇంత వెలుతుర్లో ఈయప్పకు ఆ మాత్రం కనపడలేదు చూడు."

ఒకరోజు ఎవరో తనిఖీ వాళ్ళు వస్తున్నారని ఫ్యాక్టరీ అంతా హడావుడి. గేటు దగ్గర మామూలు కంటే ఎక్కువసేపు తడిమారు. అక్క అప్పటికే సూది వేసుకుంది. పళ్ళెం తెచ్చుకుని నా పక్కన కూర్చుని ముద్ద తుంచబోతుండగా ఇతను చప్పట్లు కొడుతూ వచ్చాడు.

"సూది వేసుకున్నానప్పా. ఇంత మింగి వస్తాను" అంది అక్క.

"తనిఖీ వాళ్ళు లైను కాడికి వచ్చేసిండారు. టీ టైములో తిందువు గానీ, లెయ్యి."

అంటూ ఆమె పళ్ళాన్ని చేత్తో పక్కకు తోశాడు. పులుసు ఒలికి టేబుల్ మీద పారింది. ఆమె వేళ్ళ మధ్య తుంచిన ముద్ద అలాగే ఉంది. దాన్ని తిరిగి పళ్ళెంలో పెట్టి లేచింది. అది నేను కళ్ళారా చూశాను.

టీ టైము దాకా ఆమె నిలవలేదు. టేపు చుట్టే చేతులు వణకడం మొదలైంది. ఒళ్ళంతా చెమట. నేను బెల్టు వదిలి క్యాంటీన్‌కు పరుగెత్తి గుప్పెడు చక్కెర తెచ్చేలోపల ఆమె ముందుకు తూలి, వైర్లు బిగించే ఇనుప చట్రం మీద పడింది. ముందు వరస పళ్ళన్నీ విరిగిపోయాయి. రక్తం కారుతున్న నోట్లోనే చక్కెర పోశాను. తనిఖీ వాళ్ళు అటు పక్క లైను చూస్తున్నారు. ఇతను నన్ను వచ్చి అడిగిన మొదటి మాట, బెల్టు వదిలి ఎందుకు పోయినావు అని.

అక్క ఆసుపత్రి నుంచి వచ్చాక గేటు దగ్గర ఆపేశారు. ఒళ్ళు బాగాలేనివాళ్ళను లైనులో పెట్టుకోలేమని, మమ్మల్ని పనికి కుదిర్చిన కాంట్రాక్టరు కబురు చేశాడు. నేను ఆఫీసుకు పోయి జరిగిందంతా చెప్పాను. అక్కడి అమ్మాయి మర్యాదగానే విని, సైరన్ నుంచి సైరన్ దాకా సరిగ్గా అరగంట ఉంది కదా, మరి కంపెనీ తప్పు ఏముంది అంది. వాళ్ళ లెక్కలో సైరనే అన్నం తింటుంది కాబోలు. ఆ రోజు బస్సులో ఇంటికి వస్తూ ఆ సూపర్వైజరును ఎన్ని రకాలుగా ఏడిపించవచ్చో ఆలోచించాను. ఒక్కటీ నచ్చలేదు, అన్నీ చిన్నవిగా అనిపించాయి.

దారి అతనే చూపించాడు. లక్కూరులో కొత్త ఇల్లు కట్టుకుని గృహప్రవేశం చేశాడు. మా వైపు పూజలు, తీపి భోజనాలు అయ్యాక, ఇంకో ఆదివారం మాంసంతో విందు పెడతారు. బాడూట అంటాం. ముద్దా మాంసం పులుసూ. ఆ బాడూటకు మా లైను ఆడవాళ్ళందరినీ పిలిచాడు. కార్డు ఇస్తూ, "ఇంటిల్లిపాదీ రావల్ల" అని మరీ చెప్పాడు. తన కింద ఇంతమంది ఉన్నారని ఊరివాళ్ళు చూడాలి కదా. ఆఫీసర్లకూ చెప్పాడట, పెద్ద మేనేజరు కూడా వస్తాడట. ఇంటిల్లిపాదీ అన్నాడు కాబట్టి నేను అక్కను పిలిచాను.

ఆదివారం అక్క కేజీఎఫ్‌లో రైలెక్కింది, మేం బంగారపేటలో ఎక్కాం. చాలా రోజులకు ఆమెను చూశాం. నవ్వబోయి పైట నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు కడుపు మండిపోయింది. రైలు, లక్కూరుకు దిగాల్సిన మాలూరు చేరేలోపల నా ఆలోచన అందరికీ చెప్పాను.

"ఈ పొద్దు ముద్దను నములుదాం" అన్నాను.

ఒకామెకు నవ్వు ఆగలేదు. "థూ, నమిలితే యాడ దిగుతాదక్కా?"

"దిగకూడదనే నమిలేది. తినేటప్పుడు లేపడానికి ఈ పొద్దు ఆయప్పకు ధైర్యముండాదేమో చూద్దాం."

ఒకరి తర్వాత ఒకరు సరే అన్నారు. అక్క మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ, నాకు నమిలే పళ్ళు యాడుండాయి, నేను ఎప్పటిలాగే మింగుతాను అంది.

లక్కూరులో కొత్త ఇంటి పక్క షామియానా వేశారు. ఒక్క పంక్తికే చోటు. పొడుగ్గా బల్లలు వేసి, కాగితం పరిచి, అరిటాకులు వేశారు. ఆఫీసర్లు ఇంట్లో గచ్చు రాళ్ళు, మెట్లు చూస్తూ ఉన్నారు. అతను వాళ్ళ వెంట తిరుగుతున్నాడు. మొదటి పంక్తి వాళ్ళ కోసం ఉంచినట్టుంది. మేం పోయి వరసగా కూర్చున్నాం. వడ్డించేవాళ్ళకు మేమెవరో తెలియదు, వడ్డించేశారు. కూర్చున్నవాళ్ళను, అందులో ఆకు ముందు కూర్చున్నవాళ్ళను, ఎవరు లేపుతారు?

అతని తల్లి పంక్తి మొదట్లో గంటె పట్టుకుని నిలబడింది. బక్కపలచటి ముసలామె, గొంతు మాత్రం గట్టిది.

"అందురూ నిదానంగా తినండమ్మా. పంక్తిలో ఒగురు తింటా ఉన్నా ఇంగొగురు లేయగూడదు. మా ఇంట్లో అదే పద్ధతి."

ఆ మాట విన్నాక నాకు మా పని సగం అయిపోయిందనిపించింది. ముద్ద తుంచి, పులుసులో ముంచి, నోట్లో వేసుకుని నమిలాను. ఎంత అసహ్యంగా ఉంటుందో తినేవాళ్ళకే తెలుసు. నోరంతా జిగురు. దవడలు నొప్పి. ఎదురుగా ఉన్నామె కళ్ళలో నీళ్ళు తిరిగాయి కానీ నములుతూనే ఉంది. పులుసు మాత్రం బ్రహ్మాండంగా ఉంది, ఆ మాట దాచను. బొమికలు పీల్చాం. ఇంకొంచెం పులుసు అడిగాం. ఇంకో ముద్ద వేయించుకున్నాం.

కాసేపటికి ఆఫీసర్లు బయటికి వచ్చారు. మా వైపు పద్ధతి ఏమిటంటే, తర్వాతి పంక్తివాళ్ళు ముందే వచ్చి కుర్చీల వెనక నిలబడతారు. ఎవరు లేస్తే ఆ కుర్చీలో కూర్చోవాలి. పెద్ద మేనేజరూ ఆయన భార్యా సరిగ్గా నా వెనక వచ్చి నిలబడ్డారు. సెంటు వాసన నా ఆకు మీదికి వచ్చింది. నేను ముద్ద ఇంకొంచెం చిన్నగా తుంచాను.

అప్పుడు అతను మమ్మల్ని చూశాడు. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా కదులుతున్న దవడలు చూశాడు. పెద్ద మేనేజరుకు అందులో వింత ఏమీ కనిపించి ఉండదు, అన్నం తింటున్నారు అనుకుని ఉంటాడు. ఇతను మాత్రం ముద్ద తెలిసినవాడు. చూసిన క్షణంలోనే అర్థమైపోయింది. ముఖం నల్లబడింది. నా వెనక్కి వచ్చాడు. అలవాటు కొద్దీ రెండు చేతులూ చప్పట్లకు లేచాయి. అంతలో ఎక్కడున్నాడో గుర్తొచ్చి, ఆ చేతులనే జోడించి పెద్ద మేనేజరుకు దండం పెట్టాడు. నేను అంతా ఓరకంట చూశాను. ఆ ముద్ద నాకు తియ్యగా ఉంది.

"కొంచెం బిర్నా కానీయండమ్మా" అన్నాడు, తొందర దాచుకుంటూ నవ్వు ముఖం పెట్టి.

"ముద్ద శానా వేడిగా ఉండాదన్నా" అన్నాను.

అతని ఊరి వైపు నుంచి వచ్చే ఒకామె మాలో ఉంది. భయపడి సగం లేవబోయింది. పక్కామె చీర చెంగు పట్టుకుని కూర్చోబెట్టింది. పెద్ద మేనేజరు వాచీ చూసుకున్నాడు. ఆయన భార్య ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మారింది. ఆకలేసినప్పుడు ఇతరులు తింటుంటే నిలబడి చూడ్డం ఎలా ఉంటుందో వాళ్ళకూ కొంచెం తెలియనీ అనుకున్నాను. అతనైతే ఇంటివాడు, అందరూ తిన్నాకే తినాలి. పొద్దుటి నుంచి ఏమీ తిన్నట్టు లేదు. పెదాలు ఎండిపోయాయి. నాకు జాలి కలగలేదు.

అక్క ఎప్పుడో మింగేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అది గమనించి అతను ఆమె దగ్గరికి పోయి వంగాడు. ఆమె ఎలా వచ్చిందో అడిగే ఓపిక కూడా లేదు.

"అక్కా, నీది అయిపోయింది గదా. నువ్వు లేస్తే వీళ్ళూ లేస్తారు. పెద్ద సారు నిలబడుండాడు, నా మానం కాపాడు."

అక్క తల ఎత్తింది. అంత గట్టిగా మాట్లాడగలదని నాకు అప్పటిదాకా తెలియదు.

"ఒకసారి అన్నం ముందర నుంచి లేపినావు. సూది వేసుకున్నానప్పా అన్నా లేపినావు. ఇంగొకసారి లేపుతావా?"

పైట అడ్డం పెట్టుకోలేదు. ఖాళీ చిగుళ్ళు అందరికీ కనిపించాయి. వడ్డించేవాళ్ళు ఎక్కడివాళ్ళు అక్కడ ఆగారు. అతని తల్లి గంటె పట్టుకునే ఇటు వచ్చింది.

"ఏందిరా? ఎవురిని లేపినావు?"

అతను నోరు తెరిచేలోపల నేను మాట్లాడాను. దీని కోసమే ఇంత దూరం వచ్చింది.

"ఈ అక్కను లేపినాడమ్మా. తింటా ఉండే పళ్ళెం చేత్తో తోసేసినాడు. సూది వేసుకుని తినక, మిషను మీద పడిపోయింది. ఆ పళ్ళు అప్పుడు పోయినవే. పనీ పోయింది. మమ్మల్ని అందుర్నీ దినామూ చప్పట్లు కొట్టి లేపుతాడు."

ముసలామె కొడుకు ముఖంలోకి చూసింది. అతను తల దించుకోగానే ఆమెకు వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. గిన్నెలోంచి వేడి ముద్ద తీసి అక్క ఆకులో పెట్టి, తన చేత్తో పులుసు పోసి, పక్కన కూర్చుంది.

"తినమ్మా. ఎంతసేపైనా తిను." కొడుకు వైపు తిరిగి, "నువ్వు ఈడే నిలబడు. ఈయమ్మ లేసేదాకా కదిలినావంటే చూడు" అంది.

అక్క ముద్ద తుంచింది. అంతా అవతలికి చూస్తున్నారు, తింటున్న మనిషి ముఖంలోకి చూడకూడదని. పెద్ద మేనేజరుకు మా తెలుగు మాటలు అర్థం కాలేదు కానీ గొడవేదో ఉందని అర్థమైంది. ఇంకోసారి వస్తాం అని భార్యను తీసుకుని కారు వైపు నడిచాడు. బాడూటకు వచ్చిన అతిథి ఎంగిలిపడకుండా వెళ్ళిపోవడం కంటే ఇంటివాడికి అవమానం లేదు. అతను కారు వెంట పోవాలని చూశాడు. తల్లి చెయ్యి పట్టి ఆపింది. కారు పోయింది. ఆ క్షణాన నాకు కలిగిన సంతోషం నా పెళ్ళినాడు కూడా కలగలేదు. ఆ తల్లి ముఖం చూసినప్పుడు మాత్రం కొంచెం బాధపడ్డాను.

సోమవారం అందరం భయంభయంగానే పనికి వెళ్ళాం. కాంట్రాక్టు పని, పొమ్మంటే పోవాల్సినవాళ్ళం. ఇంట్లో పిల్లలు, అప్పులు అందరికీ ఉన్నాయి. మధ్యాహ్నం క్యాంటీన్‌లో అతను మా వెనక్కి వచ్చాడు. చప్పట్లు మునుపటి కంటే గట్టిగా కొట్టాడు. నిన్నటిదంతా ఆ చప్పట్లలోనే ఉంది.

"ఆయిందా?"

"ఇంగా లేదు" అన్నాను. వెనక్కి తిరిగి చూడలేదు.

ఎవరూ లేవలేదు. అతని ఊరి వైపు ఆమె కూడా లేవలేదు. నిన్న అతని ఇంట్లోనే నేర్చుకున్నాం, అందరం కూర్చుంటే ఎవరూ ఎవర్నీ లేపలేరని. సైరన్ మోగింది. బెల్టు కదిలింది. ఒక్క చెయ్యి లేకుండా వైర్లు ఖాళీగా పోయి చివర కుప్ప పడ్డాయని తర్వాత విన్నాం. మేం కూర్చున్నప్పటి నుంచి మా అరగంట తిని, చేతులు కడుక్కుని, నడుచుకుంటూ వెళ్ళాం. ఆఫీసు నుంచి మనుషులు పరుగెత్తుకుంటూ వచ్చారు. బెల్టు ఎందుకు ఖాళీగా పోయిందో చెప్పమంటే అతను ఏం చెబుతాడు? అరగంటలో ఎంత నడకకూ తడుముళ్ళకూ పోతుందో, ఎంత తను మింగుతున్నాడో చెప్పాలి. అందరినీ ఒకేసారి పంపేస్తే కార్ల కంపెనీకి పోవాల్సిన లోడు పోదు. ఆ వారంలోనే ఒంటిని తడిమేది డ్యూటీ అయ్యాకే అన్నారు. మేం వచ్చి నిలబడ్డాకే బెల్టు వేస్తున్నారు.

అక్కను మాత్రం తీసుకోలేదు. నేను మళ్ళీ మళ్ళీ అడిగాను, అడుగుతూనే ఉన్నాను. ఆమె ఇప్పుడు కేజీఎఫ్‌లో ఇంటి ముందు ఇడ్లీలు అమ్ముకుంటోంది. గెలిచాం కదా అని మా వాళ్ళు అంటారు. అరగంట వచ్చింది నిజమే. ఆమె పళ్ళు రాలేదు, పని రాలేదు. అతని ఉద్యోగం అతనికే ఉంది, కొత్త ఇల్లూ ఉంది.

ఇప్పుడు అతను చప్పట్లు కొట్టడు. క్యాంటీన్‌లో ఓ మూల తన పళ్ళెం తెచ్చుకుని కూర్చుంటాడు. నేను వేరే చోట ఎంత ఖాళీ ఉన్నా పోయి అతని ఎదురుగానే కూర్చుంటాను. ముద్ద తుంచి, అతని ముఖంలోకి చూస్తూ నములుతాను. పళ్ళకు అంటుకుంటుంది. అంటుకోనీ. నాకు పళ్ళున్నాయి.